‘నానాటి బ్రదుకు’కు రేవతి ఒక్కటేనా?

ఎమ్మెస్ సుబ్బులక్ష్మి రికార్డుల్లో ఒక్కటే ఉంచుకోమంటే నేను ‘నానాటి బ్రదుకు’ ఉంచుకుంటాను. తిరుమల తిరుపతి దేవస్థానం కోసం 1980 ప్రాంతంలో ఆమె పాడిన బాలాజీ పంచరత్నమాలలోదది. పత్తికొండలో నాతో కూర్చుని పాటలు వినే మిత్రుడొకాయన మాత్రం, ఆ రికార్డు వల్ల మేలెంతో కీడూ అంతే జరిగిందంటాడు. తీసిపారేసే మాట కాదది.

ఆ పాట రాసిన అన్నమయ్యది మన సీమే, రాజంపేట దగ్గరి తాళ్లపాక. 1922లో ఆయన పాటలు చెక్కిన తిరుమల భాండాగారంలోని రాగిరేకులు వెలుగుచూశాక తెలిసిందేమిటంటే, పాట మీద రాగం పేరుంది గానీ స్వరాలు లేవు. త్యాగయ్య కృతులను శిష్యులు గొంతులో దాచుకున్నారు. అన్నమయ్య పాటలకు ఆ యోగం లేదు. అనంతపురం జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు నూరుకు పైగా పాటలకు స్వరాలు కట్టారు. ‘నానాటి బ్రదుకు’ను రేవతి రాగంలో కట్టింది నేదునూరి కృష్ణమూర్తిగారు.

మిత్రుడి అభ్యంతరం అక్కడే. అది నేదునూరివారి ఊహ, అన్నమయ్య వరస కాదు. ఎమ్మెస్ పాడేసరికి అదే అసలైనదని జనం మనసులో నాటుకుపోయింది. ఇంకెవరైనా వేరే రాగంలో ఎత్తుకుంటే, తప్పు పాడుతున్నారనుకుంటారు. బతుకును నాటకమన్న పాటలో విరక్తే కాదు, రంగస్థలపు సందడి కూడా ఉండొచ్చు కదా అంటాడాయన. నిజమే, ఆ సందడి రేవతిలో వినపడదు.

కానీ రేవతిలో గాంధారం లేదు, ధైవతం లేదు. మిగిలిన అయిదు స్వరాల్లో వేదం చదువుతున్న ఛాయ ఉంటుంది. ఆ ఖాళీల వల్లే ఈ పాటలో ప్రతి మాటా విడిగా నిలబడి వినిపిస్తుంది. ఎమ్మెస్ తొందరపడదు, సంగతులు గుప్పించదు. తమిళ గడ్డ మీద పుట్టిన ఆమె నోట తెలుగు ఒత్తులు ఎంత శుభ్రంగా పలికాయో వినండి! అర్థం ముందు చేరి, రాగం వెనకాలే వస్తుంది. సంగీతం నేర్వని మా వీధివాళ్లకు అన్నమయ్య దగ్గరైంది ఇలాంటి రికార్డులతోనే. రాగిరేకుల పరిష్కరణలు ఎన్ని అచ్చయినా ఆ పని జరిగేది కాదు.

కాబట్టి నా మొగ్గు రికార్డు వైపే. అయితే దాని అట్ట మీద వరస కట్టినవారి పేరు, పాడినవారి పేరంత పెద్దగా ఉండాలి. రేకు మీద ఉన్న రాగం పేరు కూడా పక్కనే వేయాలి. అది చూసి ఏ విద్వాంసుడైనా ఆ రాగంలోనే కొత్తగా కడతానంటే, మొదటి వరుసలో కూర్చుని వినడానికి నేను సిద్ధం.