కారు మనది – కీలకం కంపెనీది!

ఉయ్యూరు: ఇంజను శబ్దం విని జబ్బేమిటో చెప్పే మెకానిక్కులకు గడ్డుకాలం వచ్చింది. పొగ తగ్గించేందుకు 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజి-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఉద్దేశం మంచిదే. కాని మరమ్మతు మాత్రం ఊరి షెడ్డు చేయి దాటిపోతున్నది.

డీజిలు కార్ల సంగతే చూద్దాం. వీటి పొగ గొట్టంలోని ఫిల్టరు మసిని పట్టి వుంచుతుంది. బండి కొంతసేపు వేగంగా నడిస్తే ఆ మసి వేడికి కాలిపోతుంది. గతుకుల రోడ్లపై దగ్గర దూరాలు తిరిగే బండిలో అది పేరుకుపోతుంది. హెచ్చరిక దీపాన్ని పట్టించుకోకపోతే ఇంజను లాగదు. అప్పుడు స్కానరు ద్వారా కంప్యూటరుకు ఆదేశమిచ్చి మసిని కాల్పించాలి. చౌక స్కానర్లు చాలావరకు జబ్బు పేరు చెబుతాయే గాని వైద్యం చేయలేవు. ఇక విజయవాడలోని కంపెనీ వర్క్‌షాపుకు పోవలసిందే. కిరాయి బండి నడిపేవారికి ఆ రోజు రాబడి పోయినట్లే.

విడిభాగాలు, పరీక్షా పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ ప్రారంభించింది. పోర్టల్‌లో సమాచారం పెట్టినంత మాత్రాన షెడ్డులో బండి బాగుపడదు.

స్కానర్లు, సాఫ్ట్‌వేర్ న్యాయమైన ధరకు అందరికీ అమ్మేలా ప్రభుత్వం చూడాలి. ఐ.టి.ఐ.లలో పాత మెకానిక్కులకు స్వల్పకాలిక శిక్షణ యివ్వాలి. లేకుంటే అప్పు తీర్చేది యజమాని, బండిపై పెత్తనం కంపెనీది అవుతుంది.