మంచు పూలకు మంచే ఇల్లు

తెలుగువారి పెరటిలో బ్రహ్మకమలం మొగ్గ తొడిగిందంటే ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ జాగారమే. పొద్దుగూకిన తరువాత రేకులు మెల్లగా విచ్చుకొంటాయి. అర్ధరాత్రి వేళకు అరచేతిని మించిన తెల్లని పుష్పం పరిమళాలు విరజిమ్ముతూ నిలుస్తుంది. ఇరుగుపొరుగువారు వచ్చి కన్నులారా చూస్తారు. కొందరు హారతి కూడా పడతారు. తెల్లవారేసరికి పువ్వు వాడి తల వాలుస్తుంది. హిమాలయాలలో దైవానికి అర్పించే పుష్పం తమ ముంగిట పూచినదన్న తృప్తి మాత్రం చాలా కాలం మిగిలి ఉంటుంది.

ఆ తృప్తిని కాదనవలసిన పని లేదు. కాని ఆ పువ్వు హిమాలయాలది కాదు. వృక్షశాస్త్రజ్ఞులు దానిని ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్ అంటారు. అది నాగజెముడు కుటుంబానికి చెందినది. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా అడవులు. ఆకులవలె కనిపించేవి నిజానికి బల్లపరుపుగా మారిన కాండాలు. అసలు బ్రహ్మకమలం వేరు. దాని శాస్త్రీయ నామం సాసూరియా ఆబ్వల్లేటా. పొద్దుతిరుగుడు కుటుంబంలోని ఈ మొక్క హిమాలయాలలో సుమారు 3,000 మీటర్లకు పైబడిన ఎత్తులలో, రాళ్ళ నడుమ, జులై నుండి సెప్టెంబరు వరకు పూస్తుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం ఇదే. కేదారనాథ, బదరీనాథ క్షేత్రాలలో స్వామికి సమర్పించేదీ ఇదే.

ఈ రెండు పువ్వుల భేదం తెలిసిన తోటమాలికి వెంటనే ఒక ఆశ పుడుతుంది: అసలైన దానినే తెచ్చి పెంచరాదా? ఈ ప్రశ్నను అండమాన్‌లోని డిగ్నాబాద్‌లో నిలిచి వేసికొంటే సమాధానం మరింత స్పష్టంగా దొరుకుతుంది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టు బ్లెయిర్ పట్టణంలోని పేట ఇది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి బంగాళాఖాతం దాటి ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ ద్వీపాలకు చేరాయి. 2011 జనాభా లెక్కలలో ఇక్కడివారిలో సుమారు 13 శాతం తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నారు. తోటపని మీద మక్కువను కూడా వారు వెంట తెచ్చుకొన్నారు. అయితే ఇక్కడ చలికాలమనేది లేదు. ఏడాది పొడవునా ఉష్ణోగ్రత దాదాపు 23 నుండి 31 డిగ్రీల మధ్యనే తిరుగుతుంది. సంవత్సరానికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అండమాన్‌లో అన్నిటికంటె ఎత్తయిన శాడిల్ పీక్ శిఖరమే 732 మీటర్లు. దాని కొన మీద కూడా చల్లదనం సముద్రతీరం కంటె నాలుగైదు డిగ్రీలు మాత్రమే ఎక్కువ.

అట్లయితే లోపం ఎత్తులో ఉన్నదా? కాదు. ఇందుకు సాక్ష్యం మరొక ద్వీపమే చెబుతుంది. నార్వే ఉత్తర కొసన, 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటిన చోట, ట్రోమ్సో అనే పట్టణం ఉన్నది. అది కూడా డిగ్నాబాద్ వలె ద్వీపం మీదనే, సముద్రపుటొడ్డునే ఉన్నది. అక్కడ 1994లో ప్రారంభమైన ఉద్యానవనంలో బండరాళ్ళ నడుమ హిమాలయాల నీలి గసగసాల పూలు వేసవిలో కన్నుల పండువుగా పూస్తాయి. శీతాకాలమంతా ఆ తోట మంచు కింద నిద్రిస్తుంది. వేసవిలో రెండు నెలలపాటు సూర్యుడు అస్తమించడు. అయినా జులై నెల సగటు ఉష్ణోగ్రత 12 డిగ్రీల చేరువలోనే ఉంటుంది. దీనిని బట్టి హిమాలయ పుష్పాలు కోరేది ఎత్తును కాదు, చల్లదనాన్ని అని తేలుతున్నది.

కొండల మీద చెట్లు పెరగడం ఆగిపోయే హద్దుకు పైన బ్రతికే మొక్కలను ఆల్పైన్ మొక్కలంటారు. ఆల్ప్స్ పర్వతాల పేరు మీద ఆ మాట ఏర్పడినది. వాటి బ్రతుకంతా పొదుపు. సంవత్సరంలో ఎక్కువ భాగం మంచు కిందనే గడుస్తుంది. మంచు వాటికి శత్రువు కాదు, కంబళి. పైన గాలి ఎంత గడ్డకట్టించినా మంచు పొర కింద చలి ఒక హద్దు దాటదు, తడి కూడా చేరదు. మంచు కరిగిన తరువాత దొరికే రెండు మూడు నెలలలోనే అవి చిగిర్చి, పూచి, గింజ కట్టాలి. చాలా రకాల గింజలు కొన్ని వారాలు తడి చలిలో నానితే గాని మొలకెత్తవు. పగలు ఎండలో తయారు చేసికొన్న ఆహారాన్ని రాత్రి చలి పదిలపరుస్తుంది. రాత్రులు వెచ్చగా ఉంటే శ్వాసక్రియలో ఆ ఆహారం ఖర్చయిపోతుంది. మొక్క తన నిలువలను తానే తిని నీరసిస్తుంది. డిగ్నాబాద్ రాత్రులు దానికి విశ్రాంతి కావు, ఉపవాసం.

బ్రహ్మకమలం పువ్వు కట్టడమే ఈ పొదుపుకు నిదర్శనం. బయటికి కనిపించే లేత పసుపుపచ్చని రేకులు నిజానికి రేకులు కావు, పలుచని పత్రాలు. ఊదారంగు చిరుపూలు వాటి లోపల దాగి ఉంటాయి. ఆ పత్రాలు గొడుగై వాననుండి పుప్పొడిని కాపాడతాయి, గాజు ఇల్లువలె లోపలి వెచ్చదనాన్ని నిలుపుతాయి. అంతటి చలికోసం అల్లుకొన్న ఆ కంబళిని ఉక్కపోతలోకి తెచ్చి నిలబెడితే ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

చలిదేశాలవారికి కూడా ఈ విద్య ఒక్కనాడు పట్టుబడలేదు. లండన్‌లోని చెల్సియా ఓషధివనంలో 1773లో కట్టిన రాతితోటకు ఐస్‌లాండు లావా రాళ్ళు, లండన్ టవర్ కోట శిథిలాలు వాడారు. క్యూ ఉద్యానవనంలో 1882లో రాతితోట వెలసినది. అయితే ఆ శతాబ్దంలో చాలామంది సంపన్నులకు రాతితోట అంటే రాళ్ళను వింతగా పేర్చి మధ్య మధ్య మొక్కలు గుచ్చడమే. అట్టి తోటలను రెజినాల్డ్ ఫారర్ అనే ఆంగ్ల రచయిత బాదంపలుకులు గుచ్చిన వంటకంతో పోల్చి పరిహసించాడు. రాయి అలంకారానికి కాదు, మొక్క అవసరానికి అని ఆయన వాదం. 1907లో వెలువడిన ఆయన గ్రంథం ఎందరికో ఈ తోటల మీద మోజు కలిగించినది. కొత్త మొక్కలకై కొండలు గాలిస్తూ 1920లో ఆయన ఎగువ బర్మాలో మరణించాడు.

రాయి చేసే మేలు మూడు విధాలు. దాని కింద వేరు చల్లగా ఉంటుంది. దాని అంచున వాననీరు నిలువక జారిపోతుంది. దాని నీడలో గాలి విసురు తగ్గుతుంది. అందుచేత చలిదేశపు తోటమాలి నేలను తవ్వి అడుగున ఇటుకముక్కలు పరచి, ఇసుక, గులకరాళ్ళు, ఆకుమన్ను కలిపి నింపుతాడు. రాతిని మూడోవంతు భూమిలో పాతి, కొంచెం వెనుకకు వాల్చుతాడు. అప్పుడు మీద పడిన నీరు వేరు వైపు పోతుంది. మొక్క మొదట్లో గులకరాళ్ళు చల్లుతాడు. ఇంగ్లండు చలికాలంలో మంచు తక్కువ, చినుకులు ఎక్కువ. అందువలన హిమాలయాల గడ్డకట్టే చలిని తట్టుకొన్న మొక్క అక్కడి తడికి కుళ్ళిపోతుంది. దానిని కాపాడడానికి మీద ఒక గాజు పలక నిలుపుతారు. మంచు చేయవలసిన పని గాజు చేస్తుందన్నమాట.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఆ తోటలు ఏప్రిల్, మే మాసాలలో విరగబూచి, నడి వేసవికి పచ్చి ఆకులతో బోసిపోతాయి. ఆ లోటు తీర్చేవి వేసవిలో పూచే రకాలు: కాకసస్ పర్వతాల నీలి జెంషియన్, కార్పేథియన్ కొండల గంటపూవు, హిమాలయాలలో నేలకు అంటుకొని పాకే నీలి సయానాంథస్. హిమాలయ పుష్పాలు ఆలస్యంగా పూయడానికి కారణం వాటి స్వదేశంలోనే ఉన్నది. అక్కడ మంచు ఆలస్యంగా కరుగుతుంది, వెంటనే నైరుతి ఋతుపవనాలు అందుకొంటాయి. డిగ్నాబాద్ ఇళ్ళ కప్పులమీద మోగే నైరుతి వానలే తరువాత ఉత్తరాదికి చేరి ఆ కొండచరియల మీద జల్లులుగా కురిసి బ్రహ్మకమలాన్ని పూయిస్తాయి. ఋతువు ఒక్కటే, ఇల్లు మాత్రం వేరు.

ఆ ఇంటి సొగసు 1931లో ప్రపంచానికి తెలిసినది. 7,756 మీటర్ల కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తూ ఫ్రాంక్ స్మైత్, ఎరిక్ షిప్టన్ ప్రభృతులు గఢ్వాల్‌లోని ఒక పూలలోయలో అడుగు పెట్టారు. స్మైత్ 1937లో మళ్ళీ వచ్చి మొక్కలను, గింజలను సేకరించి మరుసటి ఏడు గ్రంథం వెలువరించాడు. జోన్ మార్గరెట్ లెగ్గీ అనే మహిళ 1939లో పూల సేకరణకు వచ్చి, రాతిచరియ మీద కాలుజారి అక్కడనే కన్ను మూసినది. ఆమె సమాధి నేటికీ ఆ లోయలో ఉన్నది. 1982లో ఆ లోయను జాతీయ వనంగా ప్రకటించారు. 2005లో అది ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరినది. అక్కడ పువ్వు కోయరాదు, మొక్క పెకలించరాదు. పూజకనీ, మందుకనీ విచ్చలవిడిగా కోయడం వలన కొండల మీద బ్రహ్మకమలం పలుచబడుతున్నది. గింజ రాలకముందే కోసిన ప్రతి పువ్వూ మరుసటి తరానికి లోటే. అట్టి దానిని డిగ్నాబాద్ కుండీకి తేవడమంటే, కొండమీద ఒక మొక్కను తగ్గించి తీరంలో ఒక ఎండుకట్టెను పెంచడమే అవుతుంది.

అయితే చలిదేశపు తోటమాలి విద్య ఈ తీరానికి పనికిరాదా? పనికివస్తుంది, తలక్రిందులుగా. ఇక్కడ తరుగు చలి, మిగులు నీరు. కాబట్టి రాళ్ళను వెనుకకు కాక ముందుకు వాల్చవలె. అప్పుడు కుండపోత నీరు వేళ్ళను ముంచక బయటికి జారుతుంది. అడుగున ఇటుకముక్కల పొర మరింత మందంగా ఉండాలి. సముద్రపుటొడ్డు పగడపు రాళ్ళను మాత్రం తేరాదు. వాటిలో ఉప్పు, సున్నం ఉంటాయి. అంతకంటె ముఖ్యంగా, పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితాలు. ఎండ తగిలే రాళ్ళ సందులలో గడ్డిగులాబీ, బిళ్ళగన్నేరు చక్కగా పెరుగుతాయి. జనవరి నుండి ఏప్రిల్ వరకు వానలు వెనుకబట్టే నెలలు గడ్డిగులాబీకి పండుగ. తొలి జల్లులకు వాన లిల్లీలు లేస్తాయి. నీడపట్టున ఫెర్నులు రాతిని కప్పివేస్తాయి. అడవిలోని ఆర్కిడ్లను పెకలించక, పెంచి అమ్మేవారివద్దనే కొనడం మంచిది.

ఇక చెట్టునీడన, ఆకుమన్ను నిండిన రాతిసందులో నాటవలసినది ఆ పాత నేస్తాన్నే: రాత్రి పూచే మెక్సికో పువ్వును. అడవిచెట్ల కొమ్మల మీద, వెచ్చని తేమగాలిలో పెరగడం దాని సహజ గుణం. డిగ్నాబాద్ గాలి దానికి పుట్టింటి గాలివంటిదే. పేరు మాత్రమే అరువు తెచ్చుకొన్నది గాని, చోటు దానికి సరిపోయినది. అది పూచిన రాత్రి ఇంటిల్లిపాదీ నిస్సంకోచంగా మేలుకొనవచ్చు. అదే సమయాన ఎంతో దూరంలో, మంచు కరిగిన రాళ్ళ నడుమ, అసలు బ్రహ్మకమలం ఎవరి చేతికీ అందక గింజ కట్టుకొంటూ ఉండాలి.