బజారు సంచియు, మెట్రోరైలును

ఈ నెల మేము మన పాఠకురాండ్ర ముందుంచు విషయము వంటయింటికి మిక్కిలి దూరమైనదిగఁ దోఁపవచ్చును. విచారించినచో నది వంటయింటి గడపనుండియే యారంభమగుచున్నది.

విశాఖపట్టణమునకు మెట్రోరైలు వేయవలెనను సంకల్పము పదేండ్లకుఁ బైబడినది. అది సాధ్యమో కాదో కేంద్రప్రభుత్వము పరిశీలింపవలెనని 2014 సంవత్సరపు రాష్ట్ర విభజన చట్టములోనే వ్రాయఁబడినది. పిమ్మట ఢిల్లీ మెట్రోరైలు సంస్థవారు 42.55 కిలోమీటర్ల మార్గమునకు నివేదిక సిద్ధపఱచిరి. ప్రభుత్వములు మాఱినవి; వానితో నాలోచనలును మాఱినవి. తుదకు 2024 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము మొదటి దశ నామోదించినది. దాని పొడవు 46.23 కిలోమీటర్లు, స్టేషనులు 42, వ్యయపుటంచనా 11,498 కోట్ల రూపాయలు. 2025 లో టెండర్లును బిలువఁబడినవి.

ఈ దశలో మార్గములు మూఁడు. ఉక్కు కర్మాగారపు ద్వారమునుండి కొమ్మాదికిఁ బోవునది 34.40 కిలోమీటర్లు, తాటిచెట్లపాలెమునుండి చినవాల్తేరునకు 6.75, గురుద్వారా కూడలినుండి పాత పోస్టాఫీసునకు 5.08. కడపటిది మూఁటిలోను జిన్నది. మనకు ముఖ్యమైనది మాత్ర మదియే. ఏలనన నది బస్సు కాంప్లెక్సు, డాబాగార్డెన్సుల మీఁదుగాఁ బూర్ణా మార్కెట్టు దారిని బోవును. పెండ్లికైనను, పండుగకైనను, నెలవారీ వెచ్చములకైనను సంచులు పట్టుకొని యా యిఱుకు సందులలోనికిఁ బోని గృహిణి పాతనగరమున నరుదు. గాజువాకనుండియు, మధురవాడనుండియుఁ గూడ నచ్చటికి వచ్చువారు కలరు.

ఇంతకును రైలుమార్గము నెట్లు నిర్ణయింతురు? ఎందఱు ఎచ్చటినుండి యెచ్చటికిఁ బోవుచున్నారో మొదట లెక్కింతురు. 2017 నాఁటి కేంద్ర మెట్రో విధానము ప్రకారము నగరమంతటికి రాకపోకల ప్రణాళిక యుండవలెను. బస్సులతోనో, తేలికపాటి రైళ్లతోనో పని జరుగునేమో పోల్చి చూడవలెను. పెట్టిన ధనమునకు సంఘమునకుఁ గలుగు లాభము నూటికి 14 వంతులకుఁ దగ్గరాదని నియమము. స్టేషనుచుట్టు నైదు కిలోమీటర్లలోనివారు రైలును జేరు మార్గములను గూడఁ జూపవలెను. ఇదంతయు మంచి పద్ధతియే. కాని లెక్కలో నెవరు చేరిరి, యెవరు చేరలేదు అనుదానినిబట్టియే దాని ఫల ముండును.

2011 జనాభా లెక్కలయందు మనవారు జనుల ప్రయాణములను గూర్చి ప్రశ్నించిరి. అడిగినది పనిచోటు ఎంత దూరము, ఎట్లు పోవుదురు అని. బజారునకుఁ బోవుట, బిడ్డను బడిలో దింపుట, ఆసుపత్రిలోని వారికి క్యారియరు గొనిపోవుట — వీని నెవరు నడుగలేదు. ఇంటిపని పనిగా లెక్కింపఁబడనప్పుడు దానికై చేయు ప్రయాణము ప్రయాణముగా నెట్లు లెక్కకు వచ్చును? స్పెయిను దేశపు నగర ప్రణాళికావేత్త ఇనెస్ సాంచెజ్ దె మదరియాగా యను విదుషి యిట్టి ప్రయాణములకు ‘సంరక్షణ ప్రయాణములు’ అను నర్థమిచ్చు పేరు పెట్టి, వీనిని వేఱుగా లెక్కింపవలెనని వాదించినది. పేరులేని వస్తువునకుఁ బద్దులో స్థలముండదు గదా.

ఉద్యోగికిని గృహిణికిని నడకలోనే భేదము కలదు. ఉద్యోగి యుదయమునఁ బోయి సాయంకాలము వచ్చును. దారి యొక్కటి, చేతిలో సంచి తేలిక. గృహిణి యొకే పయనములో మూఁడు పనులు చక్కఁబెట్టుకొనును. కింగ్ జార్జి ఆసుపత్రిలో నున్న యత్తగారికి భోజనమిచ్చి, పూర్ణా మార్కెట్టులో వెచ్చములు కొని, బడి విడుచువేళకు నింటికడ నుండవలెను. పోవునపుడు చేతు లూరకుండును. వచ్చునపుడు రెండు చేతులును నిండియుండును. ఆమె పయనించు వేళ పదునొకండు గంటలు మొదలు మూఁడు గంటల వఱకు.

ఈ భేదమునుబట్టి చూడవలసిన సంగతులు కొన్ని కలవు. మొదటిది మెట్లు. మార్గము స్తంభములపై నడచునపుడు స్టేషను వీథికి రెండంతస్తుల యెత్తున నుండును. లిఫ్టు వీథికి రెండు వైపులను లేకున్నచో, పది కిలోల సంచితో రోడ్డు దాటి పోవలసిన స్త్రీ యాటోనే పిలుచుకొనును. రెండవది మాఱుట. గాజువాకనుండి పూర్ణా మార్కెట్టునకుఁ బోవలసినవారు గురుద్వారాకడ దిగి వేఱొక రైలెక్కవలెను. ఆ రెండు రైళ్ల నడుమ నడక యెంత యుండుననునది యిప్పుడు కాగితముమీఁద గీయు గీఁతతోనే నిశ్చయమగును. మూఁడవది టిక్కెట్టు. నడుమ దిగిన ప్రతిసారియుఁ గ్రొత్త టిక్కెట్టు కొనవలసివచ్చినచో మూఁడు పనులున్న స్త్రీ ముమ్మాఱు చెల్లించును. కొంతసేపటిలో మరల నెక్కువారికి నదే టిక్కెట్టు చెల్లునట్లు నియమమేర్పఱచుట కష్టము గాదు. నాల్గవది, మధ్యాహ్నవేళ రైళ్ల సంఖ్య యెక్కువగాఁ దగ్గింపకుండుట.

ఈ నడుమ వేఱొక మార్పు వచ్చినది. 2025 ఆగస్టు 15న రాష్ట్రములో ‘స్త్రీశక్తి’ పథక మారంభమై, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు వెల లేకుండఁ బోయినది. మెట్రోరైలు నివేదిక యామోదము పొందిన యెనిమిది నెలలకు నిది జరిగినది. పైసా లేని బస్సొకవైపును, టిక్కెట్టున్న రైలొకవైపును నున్నపుడు సంసారి స్త్రీ దేని నెక్కును? కనుక నీ రెండును బోటీపడకుండ, బస్సు స్టేషనుగుమ్మము వఱకుఁ దెచ్చునదిగను, రైలు దూరమును దాటించునదిగను గుదుర్పవలెను. అట్లుగాక వేఱువేఱుగాఁ బెట్టినచో రైలు వెలవెలఁబోవును, బస్సు క్రిక్కిఱిసిపోవును.

హైదరాబాదు మనకొక పాఠము. అచ్చటి మెట్రోరైలు 2017 నవంబరు 28న ప్రారంభమై, 2020 ఫిబ్రవరి నాఁటికి 69 కిలోమీటర్లు నడుచుచుండెను. కాని తొలి ప్రణాళికలోనే యున్న పాతబస్తీ భాగము, ఐదున్నర కిలోమీటర్లు, నిలిచిపోయినది. దానికి శంకుస్థాపన 2024 మార్చి 8న జరిగినది. విశాలమైన వీథులలో స్తంభములు త్వరగా లేచును. ఇఱుకు సందులు, పాత యిండ్లు, తరముల నాఁటి దుకాణము లున్నచోట పని వెనుకఁబడును. మన పూర్ణా మార్కెట్టు మార్గమును రమారమి యంత పొడవుగలదే, పాతనగరములోనిదే. పెద్ద మార్గము ముందు పూర్తియై, యీ చిన్నది ‘తరువాత చూతము’ అనిపించుకొనుట కెంతో కాలము పట్టదు.

అట్లని తొందరపడి యా వీథిలోనివారిని వెళ్లగొట్టుటయు మేలుగాదు. తట్ట ముందు పెట్టుకొని కూర్చుండు స్త్రీలు లేనిచో బజారు బజారే కాదు. 2013 నాఁటి భూసేకరణ చట్టము సామాజిక ప్రభావమును విచారించి బహిరంగముగా జనుల మాట వినవలెనని చెప్పుచున్నది. 2014 నాఁటి వీథివ్యాపారుల చట్టముచే నేర్పడు పట్టణ సంఘములలో వ్యాపారుల ప్రతినిధులలో మూఁడవవంతు స్త్రీ లుండవలెను. ఈ హక్కులు పుస్తకములోఁ గలవు. అడిగినవారికే యవి చేతికి వచ్చును.

మన పాఠకురాండ్రు చేయఁదగిన పని యొకటి కలదు. పద్దు పుస్తకములో నొక పుట విడిచి, ఒక వారము దినములు మీ ప్రయాణములను వ్రాయుఁడు: బయలుదేరిన వేళ, పోయిన చోటు, దేనిలోఁ బోయిరి, యెంత బరువు మోసిరి, యెంత ఖర్చయినది. ఇరుగుపొరుగున పదిమంది యట్లు వ్రాసి, యొక్కటిగాఁ గూర్చి, సంతకములతో వార్డు కార్పొరేటరునకును, మెట్రోరైలు సంస్థకును బంపుఁడు. ‘మాకు లిఫ్టు కావలెను’ అను మనవికంటె, ‘పది యిండ్లవార మొక వారములో నిన్నిసార్లు పోతిమి, ఇంత మోసితిమి’ అను లెక్క బలమైనది. ఇంజనీరునకు లెక్కయే భాష.

ఇల్లు కట్టునపుడు వంటగది కిటికీ యెచ్చట నుండవలెనో గోడలు లేవకముందే చెప్పుదుము. లేచిన పిదపఁ జెప్పినచో మేస్త్రి నవ్వును. పదునొకండువేల కోట్లతోఁ గట్టు కట్టడమున కిదియే న్యాయము వర్తించును. స్తంభములు లేవకముందే మన మాట వినఁబడవలెను.