రాతకు గిట్టుబాటు ధర: మా ప్రణాళిక

"ఎం.ఏ. తెలుగు చదివితే ఏమొస్తుంది?" అని ఇంట్లో అడుగుతారు, పెళ్లిచూపుల్లో అడుగుతారు, ఇంటర్వ్యూ బోర్డులోనూ అడుగుతారు. మా ముందు తరం దీనికి రెండు జవాబులు చెప్పింది. సాహిత్యాన్ని డబ్బుతో కొలవకూడదన్నారు కొందరు. డీఎస్సీ రాసుకోవచ్చు కదా అన్నారు మరికొందరు. రెండూ మాకు చాలవు. మేము తెలుగు, జర్నలిజం విభాగాల్లో చదివినవాళ్లం, చదువుతున్నవాళ్లం. అనువాదాలు, ప్రూఫులు, సీరియల్ సీన్లు, ప్రకటనలు, పోటీపరీక్షల మెటీరియల్ రాసి పొట్ట పోసుకుంటున్నవాళ్లం. ఆ ప్రశ్న న్యాయమైనదేనని ఒప్పుకుంటున్నాం. అప్పుచేసి బిడ్డను హాస్టల్లో ఉంచి చదివించిన తండ్రికి ఆ చదువు విలువెంతో రూపాయల్లో అడిగే హక్కుంది. ఆయనకు రూపాయల్లోనే జవాబు చెప్పగలగాలి.

ఆ జవాబు ఇవాళ చెప్పలేకపోతున్నామంటే కారణం ఒకటే. రాతను ఊరికేనో, నామమాత్రపు సొమ్ముకో తీసుకోవడం మన దగ్గర రివాజైపోయింది. పంటకు గిట్టుబాటు ధర కట్టించకుండా రైతుకు ఎన్ని శిక్షణలిచ్చినా ఇల్లు గడవదు. రాత సంగతీ అంతే. సిలబస్ ఎన్నిసార్లు మార్చినా, కొత్త కోర్సులు ఎన్ని పెట్టినా రాసినవారికి కూలి ముట్టనంతకాలం డిగ్రీకి విలువ రాదు. అందుకే మా పోరాటం రాతకూలి దగ్గర మొదలవుతుంది.

ఒకప్పుడు ఈ డిగ్రీకి ధర ఉండేది. విశ్వనాథ సత్యనారాయణ, సి. నారాయణరెడ్డి ఇద్దరూ కాలేజీల్లో తెలుగు పాఠం చెప్పినవారే. నెల తిరిగేసరికి జీతం వచ్చింది, ఆ నీడన రాసుకున్నారు. 1970లో ఒకరికి, 1988లో మరొకరికి జ్ఞానపీఠం వచ్చింది. డిగ్రీయే వాళ్లను రచయితలను చేసిందని మేము అనడం లేదు. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన రావూరి భరద్వాజకు 2012 జ్ఞానపీఠం దక్కింది. ఆస్కార్ గెలిచిన పాట రాసిన చంద్రబోస్ చదివింది ఇంజినీరింగ్. డిగ్రీ ఇచ్చింది స్థిరమైన కొలువు. ఇవాళ ఆ కొలువే కరిగిపోయింది. మార్కుల కోసం కార్పొరేట్ జూనియర్ కాలేజీలు పిల్లలను సంస్కృతం వైపు మళ్లించాయి, తెలుగు లెక్చరర్ అవసరం తగ్గింది. మిగిలినచోట గంటల లెక్కన గెస్ట్ ఫ్యాకల్టీ. పరిశోధనకు జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వచ్చినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు అందుతున్నాయి. పీహెచ్‌డీ అయిపోయిన మర్నాడు అదీ ఉండదు.

పని మాత్రం తగ్గలేదు. ఒక పుస్తకాన్ని దగ్గర నుంచి చూడండి. పన్నెండు ఫారాలు, అంటే 192 పేజీలు. అను ఫాంటులో కంపోజ్ చేసిన పాత ఫైలును యూనికోడ్‌లోకి మారిస్తే కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, కొన్ని పక్క అక్షరానికి తగులుకుంటాయి. వాటిని ఒక్కొక్కటిగా పట్టుకోవాలి. రచయిత ఒకచోట "వచ్చాడు" అని, ఇంకోచోట "వచ్చిండు" అని రాస్తే ఏది పొరపాటో, ఏది ఆ పాత్ర సొంత పలుకో తేల్చుకుని, రెండోదాని మీద చెయ్యి వేయకుండా ఉండాలి. మాండలికాలు, భాషాశాస్త్రం చదివింది ఇందుకే. మొదటి ప్రూఫు, రెండో ప్రూఫు, ఫైనల్: పన్నెండు ఫారాలు మూడుసార్లు చదవాలి. కాగితం, ప్రింటింగ్, బైండింగ్ ఖర్చులు ముందే లెక్కకట్టుకుంటారు. చదివిపెట్టిన మనిషికి ఎంతన్నది ఆఖర్న వస్తుంది. కొన్నిసార్లు ఒక కాపీ, ముందుమాటలో కృతజ్ఞతతో సరిపెడతారు.

సినిమాలో, టీవీలో ఇంతకంటే అన్యాయం. నెలల తరబడి సిట్టింగుల్లో కూర్చుని సీన్లు రాసినవారికి టైటిల్స్‌లో పేరుండదు. ఘోస్ట్ అన్నది అక్కడ ఒక హోదాలా చలామణీ అవుతోంది. పత్రికల్లో లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన, పల్లె వార్తలు మోసిన కంట్రిబ్యూటర్ల బతుకు అందరికీ తెలిసిందే. ఇప్పుడు యంత్రాలకు తెలుగు నేర్పే కంపెనీలు వచ్చాయి. వాటికీ మన వాక్యమే కావాలి.

చట్టం చాలావరకు మన పక్షానే ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో జరగని హక్కుల బదిలీ చెల్లదు. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే వర్తిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. ఉద్యోగిగా జీతానికి రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, సంస్థది. బయట ఉండి రాసిచ్చినదానిపై మొదటి హక్కు రాసినవారిది. హక్కులు ఇచ్చేశాక కూడా "ఇది నేను రాశాను" అని చెప్పుకునే హక్కును 57వ సెక్షన్ కాపాడుతుంది. 2012 సవరణ తర్వాత సినిమా పాటకు హాలు బయట వచ్చే రాయల్టీలో సమాన వాటాను నిర్మాతకు వదులుకుంటున్నానని రచయిత సంతకం పెట్టినా అది నిలవదు. పాటల రచయిత జావేద్ అఖ్తర్ వంటివారు రాజ్యసభలో గట్టిగా నిలబడితే వచ్చిన సవరణ ఇది. మేము ఛందస్సు చదివాం, అలంకారశాస్త్రం చదివాం, అవి చదివినందుకు గర్విస్తున్నాం. ఈ సెక్షన్లు మాత్రం మా పేపర్లలో ఎక్కడా కనిపించలేదు.

కాబట్టి ప్రతి తెలుగు విభాగంలో కాపీరైట్, ఒప్పందపత్రం, బిల్లు రాయడం ఒక పూర్తి పేపరుగా ఉండాలి. చేరబోయే విద్యార్థికి, గత ఐదేళ్లలో ఇక్కడ చదివినవారు ఏ పని చేస్తున్నారో, ఎంత సంపాదిస్తున్నారో పేర్లు లేకుండా విభాగమే చూపించాలి. అంకె చిన్నదైనా సరే, చూపించాలి. ప్రభుత్వ యాప్‌లు, ఫారాలు, జీవోల తెలుగు కోసం అర్హత ఉన్న అనువాదకుల పోస్టులు మంజూరు చేయాలి. 2008లో ప్రాచీన హోదా తెచ్చుకున్న భాషకు ఇది గొంతెమ్మ కోరిక కాదు.

డబ్బెక్కడిదంటారా? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. స్థానిక సంస్థలు వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు జమచేయాల్సిన సొమ్ము అది. అవి బకాయిలు ముట్టజెప్పాలి. గ్రంథాలయ సంస్థలు ఏటా పుస్తకాలు కొని, రచయితకు రాయల్టీ ఇచ్చినట్టు రసీదు చూపిన ప్రచురణకర్తకు ముందు బిల్లు చెల్లించాలి. ఈ ఒక్క షరతు చాలా పుస్తకాల వెనకున్న లెక్కను మార్చేస్తుంది.

మా వైపు నుంచి మాట ఇస్తున్నాం. అమ్ముకునేవారికి ఊరికే రాయం. లాభం లేకుండా సొంత జేబుతో నడిపే చిన్న పత్రికలకు ఎప్పటిలాగే రాస్తాం, వాటిని మేమే మోస్తాం. నోటిమాట మీద పని మొదలుపెట్టం. ఎంత, ఎప్పటిలోగా, ఏ హక్కులకు అన్నది కనీసం వాట్సాప్ మెసేజ్‌లోనైనా రాయించుకుంటాం. ఎవరైనా ఒక పనిని తక్కువ డబ్బని వదిలేస్తే దాన్ని అంతకంటే తక్కువకు ఒప్పుకోం. ఇది అన్నిటికంటే కష్టమని తెలుసు. అద్దె కట్టాల్సిన నెలలో ఎవరి చెయ్యయినా వణుకుతుంది. అందుకే సభ్యుల చందాలో సగం, పని వదులుకున్నవారికి చేబదులుగా ఇచ్చే నిధికి పోతుంది.

మొదటి పనిగా రేట్ల పుస్తకం తెస్తాం. ప్రూఫుకు ఫారానికి ఎంత, అనువాదానికి పేజీకి ఎంత, సీరియల్ ఎపిసోడుకు ఎంత, డబ్బింగ్ స్క్రిప్టుకు ఎంత అన్నది సభ్యులు నిజంగా అందుకున్న మొత్తాల నుంచే తీస్తాం, ఏటా సవరిస్తాం. చేరడానికి డిగ్రీ అడగం. అచ్చయిన ఒక పేజీ, ఒక రసీదు, ఇంకా అందని డబ్బు గురించిన ఒక మెసేజ్, వీటిలో ఏదో ఒకటి చూపితే చాలు.