గుర్రపు మాలీషు: సాయీసు చేతిపని, శాస్త్ర పరీక్ష

వ్యవసాయ, పశుపోషణ విస్తరణ కార్యక్రమాల్లో గుర్రానికి దాదాపు స్థానం లేదు. పాడి పశువులు, గొర్రెలు, కోళ్ల తర్వాత దాని పేరు ఎక్కడో ఒక పాఠ్యాంశం చివర కనిపిస్తుంది. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలోని గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి సుమారు 3.4 లక్షలు మాత్రమే. 2012 గణనతో పోలిస్తే ఇది 45 శాతానికి మించిన తగ్గుదల. సంఖ్య తగ్గిన జంతువుపై విస్తరణ వ్యవస్థ శ్రద్ధ తగ్గడం సహజమే. అయితే గుర్రాలతో పాటు వాటిని చేతితో సాకే విద్య కూడా కనుమరుగవుతోంది. ఆ విద్యలో ముఖ్యమైన భాగం మాలీషు.

కీసర మండలంలోని నాగారం పరిసరాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. పెళ్లిళ్ల కాలంలో ఈసీఐఎల్–కీసర దారి వెంట ఉన్న ఫంక్షన్ హాళ్ల ఎదుట బరాత్ గుర్రాలు గంటల తరబడి నిలబడి ఉంటాయి. శామీర్‌పేట, మేడ్చల్ వైపు స్వారీ నేర్పే కేంద్రాలున్నాయి. ఈ నేలకు గుర్రం కొత్తది కాదు. హైదరాబాదు గుర్రప్పందేలు 1868లో నాగారానికి చేరువలోని మౌలాలీలోనే మొదలై, 1886లో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మలక్‌పేటకు తరలాయి. పందెపు గుర్రానికి నేడు శిక్షకుడు, పశువైద్యుడు, సాయీసు ముగ్గురూ ఉంటారు. బరాత్ గుర్రానికి ఉన్నది దాని యజమాని ఒక్కడే. మాలీషు అవసరం ఎక్కువగా ఉన్నది ఈ రెండవ దానికి. అది అందుతున్నది మొదటి దానికి.

గుర్రపు దేహానికి నిత్యోపచారం మన దేశంలో ప్రాచీనమైనదే. అర్థశాస్త్రంలోని అశ్వాధ్యక్ష ప్రకరణం గుర్రాలకు రోజూ రెండు పూటలా స్నానం, గంధపు పొడి పూత, పూలమాల విధించింది. సాయీసులు గడ్డిని పేని, చుట్టగా చేసి, దానితో మెడ, తొడ కండరాలపై తట్టుతూ రుద్దే పద్ధతి సైనిక అశ్వశాలల్లోనూ ఉండేది. కానీ ప్రాచీనత ప్రయోజనానికి రుజువు కాదు. నియంత్రణ మడి లేని క్షేత్ర ప్రయోగాన్ని ఏ సస్యశాస్త్రవేత్తా అంగీకరించడు. మాలీషుకూ అదే కొలబద్ద వర్తించాలి.

ఆ కొలబద్దకు నిలిచిన ఆధారాలు కొద్దిగానే ఉన్నా విలువైనవి. గుర్రాలు ఒకదాని మూపును మరొకటి పళ్లతో గీరుకోవడం అందరూ చూసేదే. ఫే, డి మాజియెర్ 1993లో ప్రచురించిన అధ్యయనంలో, గుర్రాలు పరస్పరం గీరుకునే ఆ మూపు ముందరి భాగాన్ని మనిషి చేతితో గీరినప్పుడు గుండె వేగం తగ్గింది; గుర్రం ఇష్టపడని మరో చోట గీరితే తగ్గలేదు. 2004లో మెక్‌బ్రైడ్ బృందం స్వారీ పాఠశాల గుర్రాలపై చేసిన ప్రాథమిక అధ్యయనంలోనూ మర్దనతో గుండె వేగం తగ్గింది. 2008లో సలివాన్, హిల్, హాస్లర్ 38 గుర్రాల వెన్నుపై ఒత్తిడి పెట్టి, నొప్పిని తట్టుకునే హద్దును కొలిచారు. ఏడవ రోజుకు ఆ హద్దు మర్దన పొందిన గుర్రాల్లో 12 శాతం, ఫినైల్‌బ్యుటాజోన్ ఇచ్చిన గుర్రాల్లో 8 శాతం పెరిగింది. ఈ అంకెలు చూసి మందు కంటే మర్దన మేలని ప్రకటించే తొందర కూడదు. ఆ గుర్రాలేవీ వెన్నునొప్పితో ఉన్నవి కావు. హిల్, క్రూక్ 2010లో చూపినది మరింత పరిమితం: తొడ వెనుక కండరాలకు మర్దన చేస్తే వెనుక కాలు ముందుకు చాచే మేర పెరిగింది, అడుగు పొడవులో మాత్రం గణనీయమైన మార్పు రాలేదు. పందెం గెలిపిస్తుందనే ప్రచారానికి ఇందులో ఊతం లేదు. పరుగు తర్వాత కండరాల్లో చేరిన లాక్టిక్ ఆమ్లాన్ని మర్దన పిండివేస్తుందనే మాటకూ అంతే. నెమ్మదిగా నడిపిస్తే అది కొద్ది సమయంలో తానే తొలగిపోతుంది.

తేలినదేమంటే, మాలీషు గుర్రాన్ని శాంతపరుస్తుంది, బిగిసిన కండరాన్ని కొంత సడలిస్తుంది. మరొక ప్రయోజనం ఏ కొలతకూ అందనిది: రోజూ ఒళ్లంతా తడిమే చేతికి వాపు, వేడి, చిన్న పుండు కంటికంటే ముందే తెలుస్తాయి. పశువైద్యుడు దూరంగా ఉన్న చోట ఇదే పెద్ద లాభం. కాడి కింద మెడ కమిలిన ఎద్దును సాయంత్రం గడ్డితో రుద్దుతూ రైతు చేసే పరీక్ష కూడా ఇటువంటిదే.

ఆ చేయి ఎక్కడ ఆగాలో కూడా నేర్పాలి. శ్రమ తర్వాత తొడ కండరాలు రాయిలా బిగిసి, గుర్రం కదలలేక, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అది కండర కణాలు ఛిద్రమయ్యే వ్యాధి. అప్పుడు మర్దన హాని చేస్తుంది. గుర్రాన్ని నడిపించకుండా వైద్యుణ్ణి పిలవాలి. జ్వరం, తాజా స్నాయువు గాయం, తామర ఉన్నప్పుడూ మర్దన కూడదు. కాళ్లపై వరుసగా గడ్డలు లేచి పగులుతుంటే గ్లాండర్స్‌ను అనుమానించాలి. అది మనుషులకు సోకే ప్రాణాంతక వ్యాధి, 2009 చట్టం కింద ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసినది. సాయీసు ముందు కాపాడుకోవలసినది తన చేతులనే.

బరువు సంగతి దాటవేస్తే మాలీషు చర్చ అసంపూర్ణం. జీనుతో కలిపి మోత గుర్రపు బరువులో 20 శాతం మించరాదన్నది సాధారణంగా అంగీకరించిన హద్దు. 350 కిలోల గుర్రానికి అది 70 కిలోలు. పెళ్లికొడుకు, అతని ముందు తోడు పెళ్లికొడుకు, జీను, అలంకారం కలిస్తే ఆ హద్దు సులభంగా దాటుతుంది. తారు రోడ్డు, డీజే మోత దానికి అదనం. రాత్రి అధిక భారం మోపి ఉదయం మాలీషు చేయడం, నీరు నిలిచిన చేలో ఎరువు చల్లడం వంటిది.

ఈ విద్యను నేర్పవలసింది ఎవరు? 1984 భారత పశువైద్య మండలి చట్టం పశువైద్యాన్ని నమోదైన వైద్యులకే పరిమితం చేసింది. కనుక కుంటుకు చికిత్సగా మాలీషును అమ్మే స్వయం ప్రకటిత నిపుణులను ప్రోత్సహించరాదు. నిత్య పోషణలో భాగంగా సాయీసులకూ బరాత్ గుర్రాల యజమానులకూ నేర్పడానికి మాత్రం అడ్డులేదు. రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం సాంకేతిక బాధ్యత వహిస్తే, గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమానికి వెళ్లే వ్యవసాయ విద్యార్థులు కీసర మండలంలో దీన్ని చేపట్టవచ్చు. ఖర్చు స్వల్పం. విశ్రాంతిలో గుర్రపు గుండె నిమిషానికి 28–44 సార్లు కొట్టుకుంటుంది; దవడ కింది ధమనిపై వేలుంచి, గడియారం చూస్తూ లెక్కించవచ్చు. పది గుర్రాలను ఎంచుకొని, ఒక రోజు మూపు వద్ద పావుగంట మాలీషు చేసి, మరో రోజు అదే సమయంలో అదే మనిషి చేయి వేయకుండా పక్కన నిలబడి, రెండు రోజులూ ముందూ వెనకా నాడిని నమోదు చేయాలి. సగం గుర్రాలకు ఈ క్రమాన్ని తారుమారు చేయాలి.