తోటి సేవకుడు అంటే ఎవరు?

రాజపాళయం నుంచి శ్రీవిల్లిపుత్తూరు మీదుగా శివకాశి గంట ప్రయాణం. తెలుగువాడికి ఈ దారి కొత్తదేమీ కాదు. రాజపాళయం రాజుల ఇళ్ళలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. శ్రీవిల్లిపుత్తూరు పేరు చెబితే ఆముక్తమాల్యద గుర్తొస్తుంది. శివకాశి అనగానే దీపావళి టపాసులు. ఆ శివకాశిలోనే 1858 అక్టోబరు 22న థామస్ గజెటన్ రాగ్లండ్ అనే మిషనరీ కన్నుమూశారు. అప్పటికాయన వయసు 43.

రాగ్లండ్ లెక్కల మనిషి. 1841లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో నాలుగో స్థానంలో నిలిచి, కార్పస్ క్రిస్టీ కాలేజీలో ఫెలో అయ్యారు. అక్కడే ఉండిపోతే జీవితం హాయిగా గడిచేది. 1846లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున మద్రాసు వచ్చి కార్యదర్శి పని చూశారు. తిరునల్వేలి జిల్లాలో దక్షిణాన సంఘాలు బాగానే పెరిగాయి. ఉత్తరాన, అంటే ఈనాటి శివకాశి, శ్రీవిల్లిపుత్తూరు చుట్టుపక్కల, పెద్దగా ఏమీ లేదు. 1854లో ఆయన ఆఫీసు కుర్చీ వదిలి డేవిడ్ ఫెన్, రాబర్ట్ మెడోస్ అనే ఇద్దరు మిత్రులతో కలిసి అక్కడ గుడారాలు వేశారు. ఊరు మారితే గుడారమూ మారేది. ఊపిరితిత్తులు పాడైనా తిరగడం మానలేదు. అలా నాలుగేళ్ళు గడిచాయి.

ఫలితం? బాప్తిస్మాల లెక్క తీస్తే చెప్పుకోదగ్గది చాలా తక్కువ. అయినా ఆయన మీద రెండు పుస్తకాలు వచ్చాయి. 1861లో టి.టి. పెరౌన్ జీవితచరిత్ర రాశారు. ఆయనదీ కార్పస్ క్రిస్టీ కాలేజీయే. 1922లో తిరునల్వేలి ప్రాంతంలోని దోనావూరులో పనిచేసిన మిషనరీ అమీ కార్మైకేల్ మరొకటి రాశారు. విజయాల పట్టిక లేని మనిషిని రెండు తరాలు గుర్తుపెట్టుకోవడం మెచ్చుకోవలసిన సంగతే.

అయితే ఆ గుడారాల దగ్గర ముగ్గురు దొరలే ఉండేవారనుకుంటే పొరపాటు. దక్షిణ తిరునల్వేలి సంఘాల నుంచి తమిళ ఉపదేశులు వంతులవారీగా వచ్చి వాళ్ళతోపాటే తిరిగేవారు. దొర తమిళం ఎంత బాగా నేర్చినా, గడపలో నిలబడి మాట కలపాలంటే ఉపదేశి ఉండాల్సిందే. ఆ ఎండ ఇద్దరికీ ఒకటే. ఉపదేశికి మాత్రం జీవితచరిత్ర లేదు. రాగ్లండ్ మిత్రులెవరని ఈ రోజు అడిగితే ఫెన్, మెడోస్ అనే జవాబే వస్తుంది.

ఈ లోటును ముఖం మీదే అడిగినవాడు తిరునల్వేలి బిడ్డే. వేదనాయగం శామ్యూల్ అజరయ్య పుట్టింది 1874లో, వెళ్ళాలన్‌విళైలో. తిరునల్వేలి క్రైస్తవుల సొంత డబ్బుతో, సొంత మనుషులతో 1903లో మొదలైన ఇండియన్ మిషనరీ సొసైటీకి ఆయన ఒక మూలస్తంభం. ఆ సంస్థ పని కోసం నిజాం రాజ్యంలోని డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అంతమంది తెల్ల మిషనరీల ముందు నిలబడి అజరయ్య అన్న మాటల సారం ఇది: మీ త్యాగాలకు రుణపడి ఉన్నాం, కాదనం, కానీ మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులు కావాలి. సభలో కొందరికి అది మింగుడుపడలేదు. ముప్పై అయిదేళ్ళ పాస్టరు, అతిథిగా వెళ్ళిన చోట, ఆ మాట అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

రెండేళ్ళ తర్వాత, 1912 ఆగస్టు 24న, తిరునల్వేలిలో చాలాకాలం పనిచేసిన థామస్ వాకర్ మన బందరులో కన్నుమూశారు. కూటాలు నడిపించడానికి వచ్చిన మనిషి, తన తమిళ సంఘాలకు దూరంగా తెలుగు ఊళ్ళో కన్నుమూయడం విచిత్రమే. అదే ఏడాది డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య బిషప్‌గా అభిషిక్తులయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడిగా. తిరునల్వేలి మనిషి ఒకరు తెలుగునేలపై పోయారు, మరొకరు ఆ నేలకే బిషప్ అయ్యారు.

వాకర్ అమీ కార్మైకేల్‌కు తమిళం నేర్పిన గురువు, ఏళ్ళ తరబడి తోటి సేవకుడు. ఆయన జీవితచరిత్రను ఆమె 1916లో ప్రచురించారు. ఇంతవరకూ పాత కథే. ఒక మిషనరీ మరో మిషనరీని తలచుకున్నారు. కథ మలుపు తిరిగింది ఆ తర్వాతి పుస్తకంతో. వాకర్ పోయిన ఏడాదికి, 1913లో, పొన్నమ్మాళ్ చనిపోయారు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న తమిళ స్త్రీ. దోనావూరు పిల్లలను సాకే పనిలో అమీకి కుడిచెయ్యి. ఆమె మీద 1918లో అమీ ఒక పుస్తకమే రాశారు. వాకర్‌కు పుస్తకం, పొన్నమ్మాళ్‌కూ పుస్తకం. అమీ పద్ధతులన్నీ మెచ్చుకోవాలని కాదు. దోనావూరు కట్టుబాట్ల మీద విమర్శలు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. స్నేహితులను లెక్కపెట్టేటప్పుడు మాత్రం ఆమె చర్మం రంగు చూసుకోలేదు. 1951లో తాను చనిపోయినప్పుడు సమాధిపై రాయి పెట్టవద్దని ముందే చెప్పారు. అక్కడ పిట్టలు నీళ్ళు తాగే తొట్టి ఒకటి కట్టి, తల్లి అనే అర్థమొచ్చే తమిళ మాట ఒక్కటి చెక్కారు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. పాస్టరుగారు ప్రభువునందు నిద్రిస్తే ఆదరణ కూడిక పెడతారు. చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారు. వేదిక మీద కుర్చీలన్నీ పక్క ఊళ్ళ దైవజనులకే. ఒక్కొక్కరే లేచి, ఆయన ఎన్ని సంఘాలు స్థాపించారో, ఏయే దేశాలు తిరిగి వచ్చారో చెబుతారు. చెప్పేవారికి ఆయన నిజంగానే మిత్రుడు, ఆ కన్నీళ్ళలో అబద్ధం లేదు. కానీ ముప్పై ఏళ్ళు ఆయన వెనక సైకిలు మీద, తర్వాత మోటారు సైకిలు మీద కూర్చుని ఊరూరా తిరిగిన ఉపదేశి షామియానా చివర నిలబడి భోజనాల ఏర్పాటు చూస్తుంటాడు. ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళతో ప్రార్థన చేసే బైబిలు స్త్రీ పేరు మైకులో ఎవరూ పలకరు. పాస్టరమ్మకు చివర్లో రెండు నిమిషాలిస్తారు, అదీ ఏడుపుతోనే అయిపోతుంది.

రాగ్లండ్ కాలంలో ఉపదేశి పేరు మరుగునపడటానికి తెల్లవాడి దొరతనం కారణమని చెప్పి తప్పించుకోవచ్చు. ఈనాటి వేదిక మీద దొరలెవరూ లేరు. ఉన్నది మన అంతస్తులే. వాటిలో కులం పాలు ఎంతో ఆ సంఘాల్లో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు. అజరయ్య ఎడిన్‌బరోలో అడిగిన ప్రశ్నను ఇప్పుడు షామియానా చివర నిలబడ్డ మనిషి వేదిక మీది పాస్టర్లను అడగవచ్చు. అడగడు, ఎందుకంటే అతడి చేతిలో మైకు ఉండదు.

ఈసారి కూడికలో మొదటి మైకు అతడికిచ్చి చూడండి. చనిపోయిన పాస్టరుగారు ఏ ఊరి పొలిమేరలో వాన వస్తే ఎవరి పశువుల కొట్టంలో తలదాచుకున్నారో, ఏ ఇంట్లో తిట్లు తిని నవ్వుతూ బయటికొచ్చారో, ఏ రోజు విసిగిపోయి ఇక మానేద్దామన్నారో అతడికే తెలుసు. దైవజనుల ప్రసంగాలు ఆ తర్వాత మొదలుపెట్టుకోవచ్చు.