పలుచని చెక్కరేకు, పనస గిటారు



ఈ నెల గరివిడి నుండి ఒక తల్లి రాసిన ఉత్తరానికి జవాబు చెప్పుకుందాం. ఆమె కుమారుడు సంఘములో పాటలకు వాయించడానికి సొంతంగా ఒక కరెంటు గిటారు చేస్తున్నాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలోని అమ్మమ్మగారి పెరటి పనసచెట్టు కూలిపోతే, ఆ దుంగను కోయించి, ఏళ్ల తరబడి నీడన ఆరనిచ్చి, దానితోనే గిటారు ఒళ్లు చెక్కాడట. దానిమీద చారల మేపుల్ వెనీరు అతికించాడు. తీరా రంగు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. "ఉన్నది ఒక్కటే రేకు. పాడైతే మళ్లీ కొనలేము. కారు పెయింటు కొట్టించమని కొందరు, మందిరపు వస్తువుకు రంగులెందుకని పెద్దలు కొందరు అంటున్నారు. వాడు రెండు నెలలుగా దాన్ని గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టేశాడు. క్రిస్మస్‌కు ప్రతిష్ఠ చేయించాలని మా ఆశ" అని ఆ తల్లి రాశారు.

ముందు పెద్దల మాట. నిర్గమకాండము 31వ అధ్యాయంలో దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపి అప్పగించిన పనుల్లో చెక్కపని కూడా ఉంది. 1 రాజులు 10:12 చూడండి. సొలొమోను గాయకుల సితారాలకు ఏదో ఒక కర్ర వాడలేదు, చందనపు మ్రానులతో చేయించాడు. కనుక అందంగా చేయడంలో దోషం లేదు. కారు పెయింటుకు మాత్రం నేను ఒప్పుకోను. అది వేస్తే కింద ఉన్నది మేపులైనా ఒకటే, అట్టముక్కైనా ఒకటే.

మేపుల్ చలిప్రాంతాల చెట్టు. దానిలో కనిపించే పులిచారలు రంగువల్ల వచ్చినవి కావు. కొన్ని మానుల్లో నార తిన్నగా కాక అలలు అలలుగా పెరుగుతుంది. రేకుగా కోసినప్పుడు అల వాలే చోట నార కొసలు తెరుచుకుంటాయి. అక్కడ రంగు ఎక్కువ పీల్చుకుంటుంది, పక్కన తక్కువ. నీళ్లలాంటి పల్చటి రంగు వేస్తే చారలు లేచి కనబడేది అందుకే. చిక్కటి పెయింటు వేస్తే అవి పూడిపోతాయి.

ఇక అబ్బాయి భయం. అది న్యాయమైనదే. ఇలాంటి రేకు మందం ఇంచుమించు అర మిల్లీమీటరు, అంటే రెండు పోస్టుకార్డులు పేర్చినంత. గరుకు కాగితం నాలుగు రుద్దులు ఎక్కువైతే కింద పసుపుపచ్చని పనస బయటపడుతుంది. ఆ మచ్చకు మందు లేదు. మధ్యభాగం కంటే అంచులు త్వరగా అరుగుతాయి. కాగితాన్ని వేళ్లతో పట్టుకోకుండా చదునైన చెక్కముక్కకు చుట్టి, 320 నంబరుతో, నార వెంబడే తేలికగా రుద్దాలి. అంచుల దగ్గర చెయ్యి ఎత్తేయాలి.

రేకు అతికించాక కోసేసిన ముక్కలు పారేయలేదు కదా? వాటిని మిగిలిన పనస ముక్క మీద అదే జిగురుతో అతికించి, రంగు, పాలిష్ రెండూ ముందు వాటిమీద వేసి చూడాలి. ఆరిన రంగు వెలవెలబోయినట్టు కనిపిస్తుంది. దాని అసలు ఛాయ పాలిష్ పడ్డాకే తెలుస్తుంది. ఈ సంగతి తెలియక చాలామంది రంగు మీద రంగు వేసి నల్లబరుస్తారు.

రంగుకు ముందు స్పిరిట్ తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి. జిగురు పైకి ఊరిన చోట్లు మచ్చలుగా కనిపిస్తాయి. వాటిని పదునైన బ్లేడుతో మెల్లగా గీకాలి, లేకపోతే అక్కడ రంగు పట్టదు. తరువాత నీళ్లలో కరిగే చెక్కరంగు కలిపి, గుడ్డను బాగా పిండి తుడవాలి. నీళ్లు ఎక్కువైతే తెల్ల జిగురు మెత్తబడి రేకు ఉబ్బుతుంది. ఉబ్బితే కంగారు వద్దు. పూర్తిగా ఆరాక గుడ్డ అడ్డం పెట్టి ఇస్త్రీపెట్టెతో, తక్కువ వేడిమీద నొక్కితే తెల్ల జిగురు మళ్లీ పట్టుకుంటుంది. ముందు ముదురు రంగు వేసి, గీకి, మళ్లీ లేతరంగు వేసే పద్ధతి ఒకటుంది. ఇంత పల్చని రేకు మీద, మొదటిసారి చేసే చేతికి, నేనది చెప్పను. తేనెరంగు ఒక్కటి చాలు.

పైన లక్క పాలిష్ వేయండి. 100 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో 20 గ్రాముల చపడా లక్క రాత్రంతా నానబెట్టి వడగట్టాలి. రంగు నీళ్లది, పాలిష్ స్పిరిట్‌ది కాబట్టి ఒకదాన్నొకటి లాగేయవు. రెండూ స్పిరిట్‌వే అయితే చారలన్నీ అలికినట్టవుతాయి. మొదటి మూడు పూతల వరకు గరుకు కాగితం ముట్టుకోవద్దు. మోచేయి ఆనే చోట చెమటకు ఈ పాలిష్ కొన్నాళ్లకు అరుగుతుంది, నిజమే. అయితే అక్కడ అదే పాలిష్ మళ్లీ రాస్తే పాతదానిలో కలిసిపోతుంది. స్పిరిట్ విషం, పైగా ఇట్టే అంటుకుంటుంది. పొయ్యికీ పసిపిల్లలకూ దూరంగా, ఆరుబయట నీడలో పని చేయాలి.

వీలైతే అబ్బాయిని ఒకరోజు బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి పంపండి. బొబ్బిలి వీణ కూడా పనసదే. పనస గురించి పుస్తకాల కంటే అక్కడి చేతులకు ఎక్కువ తెలుసు.

క్రిస్మస్ సంగతి పాస్టరుగారితో మాట్లాడి వాయిదా వేయించండి. ముసురులో లక్క పాలిష్ వేస్తే తెల్లగా మబ్బు పడుతుంది. తుపానుల కాలం దాటి, ఎండ నిలకడగా కాసే రోజులు చూసుకోవాలి. పైకి ఆరినట్టు కనిపించినా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అందాక గుడ్డలో చుట్టకండి, నేత అచ్చు పడుతుంది. పిల్లలకు అందని ఎత్తులో వాసానికి వేలాడదీస్తే చాలు.